పిల్లల ఏడుపు వినపడని చర్చికి రేపు లేదు

వరంగల్ చుట్టుపక్కల ఏ ఊరికన్నా పోయి చూడండి. ఊరు ఒక దిక్కు, వాడ ఒక దిక్కు. వాడ నడుమ ఒక చిన్న చర్చి. పెంకులదో, రేకులదో, ఈ మధ్యనే స్లాబు పోసిందో. ఆదివారం పొద్దున గంట కొడతారు. ముసలమ్మలు వస్తారు. నలుగురైదుగురు పెద్దమనుషులు వస్తారు. అయ్యగారు, అమ్మగారు, వాళ్ల పిల్లలు ఉండనే ఉంటారు. పెళ్లయి అయిదేళ్లో పదేళ్లో అయిన జంటలు, చంకన బిడ్డనెత్తుకున్న తల్లులు ఎంతమంది వచ్చారని లెక్కబెడితే ఒక చేతి వేళ్లు చాలు.

"ఈ కాలం పిల్లలకు భక్తి లేదు, ఫోన్లల్ల పడి చెడిపోయిన్రు" అని సంఘ పెద్దలు ఒక్క మాటతో తేల్చేస్తున్నారు. ఈ తీర్పు తప్పు. ఆ పిల్లలే బస్సెక్కి, ఆటో మాట్లాడుకొని పట్నంలో పెద్ద మందిరాలకు పోతున్నారు. బిడ్డకు జ్వరమొస్తే ప్రార్థన చేయమని రాత్రిపూట అయ్యగారి తలుపే కొడుతున్నారు. భక్తి లేనోళ్లు ఈ పనులు చేస్తారా? సొంత వాడలోని చర్చి తమను పిలిచినట్టే పిలిచి గడప దగ్గర నిలబెడుతున్నదని వాళ్లకు తెలిసిపోయింది. అదీ అసలు సంగతి.

"చర్చి సంగతి చర్చోళ్లు చూసుకుంటరు, దళిత పత్రికకు ఎందుకు?" అని కొందరు మిత్రులు అడగొచ్చు. ఎందుకో చెప్తాం. ఊర్లో గుడి మనది కాదు. చావిడి మనది కాదు. చాలా ఊర్లల్లో మన వాళ్లు నలుగురు కలిసి కూసునే పక్కా కట్టడం చర్చి ఒక్కటే. 1985 జులై 17న కారంచేడులో మాదిగల మీద దాడి చేసి ఆరుగురిని చంపితే, ప్రాణాలు అరచేతిలో పెట్టుకొని పరుగెత్తిన జనం చీరాలలో చర్చి ఆవరణలోనే తలదాచుకున్నారు. ఆ శిబిరం నుంచి లేచిన పోరాటమే ఆ ఏడాది దళిత మహాసభకు దారి తీసింది. వాడలో చర్చి సన్నబడితే మనం కూడే చోటు సన్నబడుతుంది. దేవుణ్ణి నమ్మేవాళ్లూ, నమ్మనివాళ్లూ ఇద్దరూ ఆలోచించవలసిన సంగతి ఇది.

మన చర్చీలు ఎట్ల పెరిగినయ్?

చర్చి ఎట్ల పెరగాలో చెప్పడానికి ఇప్పుడు అమెరికా పుస్తకాలు చదివి సెమినార్లు పెడుతున్నారు. అంత దూరం పోవలసిన పని లేదు. మన తాతలు, అమ్మమ్మలు చేసి చూపెట్టారు.

ఒంగోలు సంగతి తీసుకోండి. యర్రగుంట్ల పేరయ్య మాదిగ. 1866లో బాప్తిస్మం తీసుకొని తన వాళ్ల మధ్య చెప్పుకుంటూ తిరిగాడు. ఆయన వెనక మాదిగ కుటుంబాలు రావడం మొదలైంది. అప్పటికి అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బడిలో పైకులాల పిల్లలు చదువుతున్నారు. మాదిగలు వస్తే మేం పోతామన్నారు. ఇటు పరువు, డబ్బు, పలుకుబడి. అటు అంటరానివాళ్లు. క్లౌ దంపతులు అంటరానివాళ్ల దిక్కు నిలబడ్డారు. పైకులాలవాళ్లు బడి విడిచిపెట్టి పోయారు. చర్చి మాత్రం పల్లె పల్లెకూ పాకింది.

ధాత కరువు సంగతి ఇంకా గొప్పది. 1876 నుంచి 1878 దాకా జనం ఆకలికి రాలిపోయారు. క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు పట్టి వేలమందికి కూలి ఇచ్చాడు. ఆ కూలి ఇచ్చినన్నాళ్లు బాప్తిస్మాలు ఆపేశాడు. తిండి కోసం వచ్చారన్న మాట పడొద్దని. కూలి పనులు అయిపోయినంక 1878 జులై 3న ఒక్కనాడే 2,222 మంది గుండ్లకమ్మ నీళ్లల్లో దిగారు. ఇవాళ మనల్ని "బియ్యం బస్తా క్రైస్తవులు" అని వెక్కిరించేవాళ్లు ఈ చరిత్ర చదవాలి.

ఆ మిషనే 1879లో హనుమకొండకు వచ్చింది. మన ఉమ్మడి వరంగల్ జిల్లా బాప్టిస్టు సంఘాలకు వేరు అక్కడున్నది.

ఇక డోర్నకల్. ఇప్పుడు మహబూబాబాద్ జిల్లా, నిన్నటిదాకా మన వరంగల్ జిల్లానే. తిరునెల్వేలి నుంచి వచ్చిన అజరయ్య 1912 డిసెంబరు 29న ఆంగ్లికన్ చర్చిలో మొదటి భారతీయ బిషప్ అయ్యి డోర్నకల్‌లో కూసున్నాడు. తెలుగు నేర్చుకున్నాడు. 1945 జనవరి 1న చనిపోయేదాకా ఈ మట్టిమీదనే బతికాడు. 1912లో ఆయన చేతికి వచ్చినప్పుడు డోర్నకల్ అధ్యక్ష మండలంలో సుమారు 57 వేలమంది క్రైస్తవులు. 1941 నాటికి 2 లక్షల 25 వేలు. నడుమ కృష్ణా ప్రాంతపు సంఘాలు వచ్చి కలిసిన మాట నిజమే. అయినా ఆ పెరుగుదల చిన్నది కాదు. వచ్చినవాళ్లు ఎక్కువమంది మాలలు, మాదిగలు.

అది ఎట్ల సాధ్యమైంది? దొరలు వచ్చి ఇంగ్లీషులో ఉపన్యాసాలు చెప్తే కాలేదు. అజరయ్య పల్లెకొక ఉపదేశకుణ్ణి పంపాడు. ఒంటరిగా పంపలేదు, పెళ్లాం పిల్లలతో పంపాడు. డోర్నకల్‌లో భర్తకు తర్ఫీదు ఇస్తే భార్యకూ ఇచ్చారు. ఆ పడుచు జంట వాడలో కాపురం పెట్టేది. పొద్దంతా పని చేసి వచ్చిన పిల్లలకు రాత్రి దీపం పెట్టి అక్షరాలు దిద్దించేవాళ్లు. బాలింతకు కాన్పు తర్వాత ఏం పెట్టాలో ఆ ఇంటి ఇల్లాలు చెప్పేది. వాడలో జనానికి చర్చి అంటే మొదట కనపడింది ఒక కాపురం, ఒక దీపం, ఒక పలక.

ఇంకొకటి. పిడికెడు బియ్యం. వాడలో ఆడోళ్లు ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి కుండలో వేసేవాళ్లు. ఆదివారం అది చర్చికి పోయేది. దాంతో ఉపదేశకుడి ఇల్లు గడిచేది. మిజోరాంలో ఇప్పటికీ ఈ పద్ధతి నడుస్తున్నది. బియ్యం బస్తా కోసం మనం మతం మారామట! బస్తాలకు బస్తాలు బియ్యం ఇచ్చి చర్చీలను నిలబెట్టింది మన వాడల ఆడోళ్లు. కూలికి పోయి తెచ్చుకున్న నూకల్లోంచి తీసి ఇచ్చారు.

ఈ కథల్లోంచి తీయవలసిన నీతి ఒక్కటే. పడుచు జంటలను పనిలో పెట్టినప్పుడు, వాళ్ల పిల్లలను ముందు కూసోబెట్టినప్పుడు, ఆడోళ్ల చేతి మీద నడిచినప్పుడు చర్చి పెరిగింది.

గడప దగ్గర ఏమున్నది?

ఇప్పుడు చూడండి. ఆరాధన పొద్దున పదిన్నరకు మొదలై ఒంటిగంట దాటినా అయిపోదు. పత్తి ఏరే కాలం ఉన్నది, మిర్చి ఏరే కాలం ఉన్నది, నాట్ల కాలం ఉన్నది. ఆదివారమని రైతు ఆగడు. ముప్ఫై ఏళ్ల కూలి తల్లికి ఆ నాలుగు నెలలే నాలుగు రూపాయలు కండ్లజూసే కాలం. "కూలికి పోతివి, దేవుణ్ణి మరిస్తివి" అని అందరిముందు దెప్పితే ఆమె మళ్లా ఎందుకు వస్తుంది? పనిరోజును బట్టి ఆరాధన వేళ మారాలా, ఆరాధన వేళను బట్టి ఆకలి మారాలా?

పిల్లగాడు ఏడుస్తాడు. ఏడవకపోతే వాడు పిల్లగాడెట్లయితడు? ప్రసంగం ఆపి "ఆ పిల్లను బయటికి తీస్కపోండమ్మా" అంటారు. తల్లి సిగ్గుతో లేచి బయట వేపచెట్టు కింద కూసుంటుంది. నాలుగు వారాలు చెట్టు కింద కూసున్నంక అయిదో వారం ఇంటికాడనే ఉంటుంది. ఆ రోజు చర్చి ప్రశాంతంగా ఉంటుంది. శ్మశానం కూడా ప్రశాంతంగానే ఉంటుంది.

కొత్త కోడలు సంగతి చెప్పుకుందాం. మన వాడల్లో ఒక ఇల్లు చర్చికి పోతుంది, పక్కిల్లు ఎల్లమ్మకు బోనం చేస్తుంది. పెళ్లిళ్లు అటూ ఇటూ అవుతూనే ఉంటాయి. బోనాలింటి నుంచి వచ్చిన పిల్ల, సద్దుల బతుకమ్మ నాడు అమ్మగారింటికి పోయి ఈడు పిల్లలతో చప్పట్లు కొట్టి ఆడింది. వచ్చే ఆదివారం పెద్దలు పంచాయితీ పెడతారు. ప్రభు బల్లకు రావొద్దంటారు. ఏమయ్యా పెద్దమనుషులూ, ఆ పిల్ల వచ్చి ఆర్నెల్లయింది, ఆమె పేరన్నా అడిగినారా? ఏం చదివిందో, ఏం తిన్నదో, మొగుడు కొడుతున్నాడో మంచిగ చూస్తున్నాడో అడిగినారా? తప్పు పట్టే ముందు చుట్టరికం కలపాలి. అది మన వాడ ధర్మం.

యవనస్తుల సంఘం అని ఒకటి పెడతారు. వాళ్లకిచ్చే పనులేమిటి? క్రిస్మస్‌కు నక్షత్రం కట్టుడు, మైకు సెట్టు మోసుడు, కూటాలకు కుర్చీలు వేసుడు. చందా లెక్క అడిగితే మాత్రం "మీసాలు మొలవలేదు, లెక్కలు అడుగుతున్నవా" అంటారు. కమిటీలో ఇరవై ఏళ్లుగా అవే పేర్లు. తండ్రి పోతే కొడుకు. ఊర్లో దొరల పెత్తనం మీద పాటలు పాడిన వాడలోనే ఒక చిన్న దొరతనం మొలిచి కూసున్నది.

అన్నిటికంటే పెద్ద గడప మన కులమే. మాలలు ముందు చేరిన సంఘంలోకి మాదిగలు రావడం కష్టమైంది. మాదిగలు ముందు చేరిన సంఘంలో మాలలు కూసోలేదు. మిషన్లే చాలాచోట్ల మాల చర్చి, మాదిగ చర్చి అన్నట్టు పంచుకున్నాయి. అక్కడినుంచి ఇక్కడిదాకా పెళ్లి సంబంధం వచ్చేసరికి బైబిలు మూసి కులం తెరుస్తాం. మతం మారిన దళితుల గురించి రాస్తూ బాబాసాహెబ్ అంబేడ్కర్ అడిగింది ఇదే. క్రైస్తవంలోకి పోయిన అంటరానివాడికి కులం పోయిందా, అతని మీది అన్యాయాన్ని ఎదిరించడానికి చర్చి ఏం చేసింది? అని. ఆ ప్రశ్న ఇంకా అట్లనే ఉన్నది. మాల పిల్లగాడు, మాదిగ పిల్ల ఇష్టపడి పెళ్లి చేసుకొని వస్తే రెండు చర్చీలూ తలుపులు మూసుకుంటే, ఆ జంట పట్నంలో ఎవరి కులం ఎవరికీ తెలియని మందిరం వెతుక్కుంటుంది. తప్పెవరిది?

సర్టిఫికెట్ భయం

పైన చెప్పినవన్నీ మన చేతిలో ఉన్నవి. మన చేతిలో లేనిది ఒకటున్నది. దాని గురించి వేదిక మీద ఎవరూ నోరు విప్పరు.

1950 ఆగస్టు 10న వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వులో మూడో పేరా ఉన్నది. హిందువు కానివాడు షెడ్యూల్డు కులంవాడు కాడని అది చెప్పింది. 1956లో సిక్కు దళితులకు, 1990లో బౌద్ధ దళితులకు సడలించారు. క్రైస్తవ దళితులు, ముస్లిం దళితులు బయటనే ఉండిపోయారు. మన దగ్గర క్రైస్తవంలోకి మారిన ఎస్.సి.లను బి.సి.-సి అని పెట్టారు. ఎస్.సి.లకు 15 శాతం ఉంటే దీనికి 1 శాతం. 1977లో జి.ఓ. 341 ఇచ్చి రాష్ట్రం తన చేతిలోని కొన్ని రాయితీలను వీళ్లకూ వర్తింపజేసింది. చట్టప్రకారం వచ్చే సీటు, ఉద్యోగం, సర్పంచి కుర్చీ మాత్రం అందులో లేవు.

2007లో జస్టిస్ రంగనాథ్ మిశ్రా కమిషన్ ఆ మూడో పేరా తీసేయమని సిఫారసు చేసింది. తీసేయలేదు. 2022 అక్టోబరులో జస్టిస్ బాలకృష్ణన్ కమిషన్ వేశారు. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ క్రైస్తవ దళితులకు ఎస్.సి. హోదా ఇవ్వాలని తీర్మానం చేసి ఢిల్లీకి పంపింది. కోర్టులు ఇంకో దిక్కు పోయాయి. 2024 నవంబరు 26న సుప్రీంకోర్టు పుదుచ్చేరికి చెందిన ఒకామె కేసులో ఎస్.సి. సర్టిఫికెట్ ఇవ్వక్కరలేదన్నది. ఆమె బాప్తిస్మం తీసుకోవడం, చర్చికి క్రమంగా పోవడం కోర్టు లెక్కలోకి తీసుకున్నది. 2025 ఏప్రిల్ 30న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, పాస్టరుగా పనిచేస్తున్న మనిషికి అట్రాసిటీ చట్టం రక్షణ వర్తించదన్నది.

ఇప్పుడు చెప్పండి. ఇంటర్ చదివే బిడ్డ ఉన్న ముప్ఫై అయిదేళ్ల తల్లి చర్చి మెట్లెక్కేటప్పుడు ఏం ఆలోచిస్తుంది? దేవుడి గురించే ఆలోచిస్తుందా? "నా పేరు రిజిస్టరుల రాస్తరేమో, రేపు నా బిడ్డ సీటు పోతదేమో" అని కూడా ఆలోచిస్తుంది. ఊర్లో భూమి తగాదా ఉన్న పైకులంవాడు తహసీల్దారుకు అర్జీ పెట్టడానికి కాచుకొని ఉంటాడు. మతం మారితే కులం పోతుందని ఉత్తర్వు చెప్తుంది. కులం పోయిందని ఊరు ఎన్నడన్నా ఒప్పుకున్నదా? బాప్తిస్మం అయినంక హోటల్లో గ్లాసు మారిందా, బావి మారిందా, శ్మశానం మారిందా? 1991 ఆగస్టు 6న చుండూరులో గొడ్డళ్లతో వెంటపడి ఎనిమిది మందిని నరికినవాళ్లు, ముందు నీ మతమేందని అడిగి నరికినారా?

కనుక యువ కుటుంబాలు ఎందుకు వస్తలేవని బాధపడే పెద్దలు ముందు ఈ భయాన్ని పేరు పెట్టి మాట్లాడాలి. మాట్లాడకుండా "రండి, మునగండి, రిజిస్టరుల సంతకం పెట్టండి" అంటే అది పిలుపు కాదు, వల. దొంగ సర్టిఫికెట్లు తీసుకోమని మేం చెప్తలేం. బాప్తిస్మం అడిగే ప్రతి జంటకూ కూసోబెట్టి చట్టం ఏమంటున్నదో, ఏం వస్తుందో, ఏం పోతుందో విడమరిచి చెప్పమంటున్నాం. తెలిసి తీసుకునే నిర్ణయం వాళ్లది. తీసుకోనివాళ్లను, ఇప్పుడే కాదన్నవాళ్లను రెండో రకం మనుషులుగా చూడొద్దు. రిజిస్టరులో పేరు లేని పిల్లకు కూడా చాప మీద చోటుండాలి, పలక మీద అక్షరం దక్కాలి. తహసీల్దారు దగ్గరికి పోయి తోటి కుటుంబం మీద చెప్పేవాడు సంఘంలో ఎవడన్నా ఉంటే వాణ్ణి నిలదీయాలి.

ఇంకొక పని. ఆగస్టు 10న నిరసన దినమని ఏటా చెప్పుకుంటాం. పట్నంలో నలుగురు నాయకులు ఫోటో దిగితే అది అయిపోతుంది. వాడ చర్చిలో ఆ రోజు ఆ మూడో పేరా గురించి ఎందుకు చదివి చెప్పరు? తమ బిడ్డ చదువు కోసం చర్చి కొట్లాడుతున్నదని తెలిస్తే యువ జంట రాకుండా ఉంటుందా? ఈ పోరాటంలో హిందూ దళితుడూ, బౌద్ధుడూ, నాస్తికుడూ నిలబడాలి. కొత్తగా చేరేవాళ్లతో వాటా తగ్గుతుందన్న భయం ఉంటే, జనాభాను బట్టి వాటా పెంచమని కలిసి అడుగుదాం. ఒకరిని బయట నిలబెట్టి ఇంకొకరు లోపల తినడం మనం నేర్చుకున్న నీతి కాదు, మనకు నేర్పిన నీతి.

పెద్ద మందిరాల సంగతి

2024 మేలో కరుణాపురంలో క్రీస్తు జ్యోతి మందిరం తెరిచారు. వేలకు వేలమంది ఒక్కసారి కూసునే గుమ్మటం. మన వాడల నుంచి పడుచువాళ్లు అక్కడికీ, హనుమకొండ, కాజీపేట మందిరాలకూ పోతున్నారు. పోవద్దని అనడానికి మనమెవరం? అక్కడ పాట బాగుంటుంది. పిల్లలకు వేరే గది ఉంటుంది. వచ్చినవాణ్ణి "నువ్వెవరి కొడుకువు, ఏ పేట?" అని అడగరు. కులం అడగకపోవడం కూడా మనవాళ్లకు ఒక సుఖమే అని గుర్తుపెట్టుకోండి.

పెద్ద మందిరం ఇవ్వలేనిది ఒకటి మాత్రం ఉన్నది. రాత్రి పన్నెండింటికి పురిటి నొప్పులొస్తే ఆటో కోసం ఉరికేవాడు ఆ మందిరంలో పక్కన కూసున్న మనిషి కాడు. మొగుడు తాగి కొడితే అడ్డం పడేది పక్కింటి చెల్లె. వాడ చర్చి బలం ఇదే. అక్కడ ప్రతి మొహానికీ పేరుంటుంది. ఈ బలాన్ని పక్కనపెట్టి, పెద్ద మందిరంతో పోటీ అని అప్పు చేసి రంగు లైట్లు, డ్రమ్ములు, పెద్ద స్పీకర్లు కొనే సంఘాలను చూస్తున్నాం. స్పీకరు పెద్దదైతే ఊరికి చప్పుడు పెరుగుతుంది, సంఘం పెరగదు.

ఏం చెయ్యాలె?

ఒకటి. వేళ మార్చండి. పని కాలంలో ఆదివారం పొద్దూకినంక గంటన్నర ఆరాధన పెట్టండి. ముసలివాళ్ల కోసం పొద్దున కూడా ఉంచండి. 

రెండు. పిల్లలను ముందుకు తెండి. ముందు వరుసలో చాప వాళ్లది. ఒక మూలకు చీరెతో ఊయల కట్టండి. ఏడిస్తే ఏడవనియ్యండి. వారానికి అయిదు రోజులు సాయంత్రం చర్చి తలుపు తీసి రాత్రి బడి పెట్టండి. డిగ్రీ చదివి ఖాళీగున్న మన పిల్లలే చెప్తారు. వాడలో అన్ని ఇండ్ల పిల్లలూ రావాలి. ఎల్లమ్మ ఇంటి పిల్లకూ, ఏసు ఇంటి పిల్లకూ ఎక్కం ఒక్కటే. బడికి వచ్చిన పిల్లకు మతం చెప్పి లాగే పని పెట్టుకోవద్దు. అట్లా చేస్తే వాడ నమ్మకం పోతుంది, బయటివాడికి సాకు దొరుకుతుంది.

మూడు. పెత్తనంలో పాలియ్యండి. కమిటీలో మూడో వంతు నలభై ఏళ్ల లోపువాళ్లు, సగం ఆడోళ్లు ఉండాలి. కొత్త కోడలికి కూడా ఓటుండాలి. "ఆడోళ్లకేం తెలుసు" అనే పెద్దమనిషి 2013లో నంద్యాలలో పుష్పలలిత అనే తెలుగామె సి.ఎస్.ఐ. చర్చికి మొదటి మహిళా బిషప్ అయిన సంగతి తెలుసుకోవాలి. పడుచువాళ్లకు ఇస్తే పాడుచేస్తారన్న భయం ఉందా? డోర్నకల్ పల్లెలకు పోయి సంఘాలు కట్టిన ఉపదేశకులు, వాళ్ల భార్యలు పడుచువాళ్లు కాదా?

నాలుగు. లెక్కలు గోడ మీద రాయండి. ఎంత వచ్చింది, ఎంత పోయింది, ఎవరి దగ్గరున్నది. మిషన్ భూములుంటే వాటి కాగితాలు సంఘానికి చూపెట్టండి. కష్టపడి పదిరూపాయలు వేసిన కూలి మనిషికి అడిగే హక్కున్నది. 

అయిదు. కులం గోడ పగలగొట్టండి. మాల చర్చి, మాదిగ చర్చి కోత పండుగ కలిసి చేయండి. ఒక ఏడాది ఇక్కడ, ఒక ఏడాది అక్కడ. వర్గీకరణ మీద ఎవరి అభిప్రాయం వాళ్లకుండనీ. 1994లో మొదలైన దండోరా అడిగిన న్యాయం 2025లో తెలంగాణలో చట్టమైంది. వాటా సంగతి చట్టం చూసుకుంటుంది, బల్ల సంగతి మనం చూసుకుందాం. రెండు పేటల నడుమ పెళ్లి జరిగితే రెండు సంఘాలు కలిసి చేయాలి. కట్నం తీసుకున్న పెళ్లికి మాత్రం సంఘ పెద్దలు మొహం చాటేయాలి.

ఆరు. డప్పును లోపలికి రానియ్యండి. దొర ఇంట్లో శుభానికీ అశుభానికీ వెట్టిగా కొట్టనని ఆనాడు మన తాత డప్పు దించాడు. అది ఆత్మగౌరవం. దండోరా అదే డప్పును గర్వంగా మెడకేసుకున్నది. ఇదీ ఆత్మగౌరవమే. అద్దెకు తెచ్చిన కీబోర్డు పలికినప్పుడు దేవుడు వింటే, మన తోలు పలికినప్పుడు చెవులు మూసుకుంటాడా? పిల్లలకు వచ్చిన వాయిద్యం అది. వాళ్ల చేతికియ్యండి.

ఏడు. పోయినవాళ్ల దగ్గరికి పోండి. మన జంటలు పని కోసం హైదరాబాదు పోయి అపార్టుమెంట్ల కింద వాచ్‌మన్ గదుల్లో ఉంటున్నారు, తాపీ పనుల్లో ఉంటున్నారు. పండుగకు వచ్చినప్పుడు చందా రసీదు పట్టుకొని ఎదురుపోవద్దు. వాళ్ల పిల్లల బడి సంగతి అడగండి. ఏడాదికి రెండుసార్లు నలుగురు కలిసి బస్సెక్కి వాళ్లున్న చోటికే పోయి కూసోండి. ఊర్లో తమకు ఇంకా చోటున్నదని తెలిస్తే వాళ్లే వస్తారు.

ఇందులో డాలర్లు కావలసిన పని ఒక్కటీ లేదు. చీరె ఊయలకు, చాపకు, గోడ మీద సున్నపు రాతకు ఎంతవుతుంది? కావలసింది పెద్దల గుండె కొంచెం పెద్దది కావడం.

1910లో ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీల మహాసభ జరిగింది. అజరయ్య అక్కడ దొరల మొహం మీదనే ఒక మాట అడిగాడు. మీరు డబ్బిచ్చారు, త్యాగాలు చేశారు, ఒప్పుకుంటాం. ఇక మాకు స్నేహం ఇవ్వండి అన్నాడు. పైనుంచి చేయి చాచి ఇచ్చేది చాలు, పక్కన కూసోండి అని దాని అర్థం. నూటపదేళ్లు దాటింది. ఇవాళ వాడ చర్చిలో పడుచు జంట తన సొంత పెద్దలను అదే అడుగుతున్నది. మాకు ఉపదేశాలు చాలా ఇచ్చారు. తాతా, పెద్దమ్మా, జర పక్కకు జరిగి మాకూ చోటియ్యండి, మా పిల్లను మీ ఒడిలో కూసోబెట్టుకోండి అంటున్నది.

వచ్చే ఆదివారం సంఘ పెద్దలు ప్రసంగం మొదలు కాకముందు ఒక పని చేయాలి. మన వాడలో పదేళ్ల లోపు పిల్లలున్న ఇండ్లు ఎన్ని, అందులో చర్చి గడప తొక్కినవెన్ని అని కాగితం మీద రాసుకోవాలి. రానివాళ్ల ఇంటికి సాయంత్రం పోవాలి. పాటల పుస్తకం పట్టుకొని పోవద్దు. ఉత్త చేతులతో పోయి, అరుగు మీద కూసొని, "ఎందుకు వస్తలేరు బిడ్డా?" అని ఒక్క ప్రశ్న అడిగి, జవాబు పూర్తయ్యేదాకా అడ్డం రాకుండా వినాలి.